హవాయి అని అచ్చువేసిన డాలరు నోటు

మా బావగారికి పాత నోట్లు, నాణేలు సేకరించే అలవాటు ఉంది. మొన్న సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా దాచిన ఒక డాలరు నోటు తీసి నా చేతికిచ్చి, "ఏమయ్యా ప్లీడరూ, దీని సంగతేమిటో చెప్పు చూద్దాం" అన్నారు. నోటు మీద ముద్ర, వరుస సంఖ్యలు మామూలు నీలం రంగులో కాక గోధుమ రంగులో ఉన్నాయి. వాషింగ్టన్ బొమ్మకు అటూ ఇటూ నిలువుగా, వెనుక వైపు నోటు పొడవునా పెద్ద అక్షరాలతో 'హవాయి' అని అచ్చువేసి ఉంది. జపాన్ ఆ దీవులను ఆక్రమించుకుంటే అక్కడి డాలర్లు శత్రువుకు ఉపయోగపడకుండా ఒక్క ప్రకటనతో చెల్లకుండా చేయడానికి 1942లో అమెరికా ప్రభుత్వం ఈ ఏర్పాటు చేసిందని ఆయనకు తెలుసు. నాకు తెలిసిన సగం వేరు. 1942 జనవరిలో సైన్యం జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం హవాయిలో ఏ మనిషీ 200 డాలర్లకు మించి నగదు దగ్గర ఉంచుకోకూడదు. మిగిలినది బ్యాంకులో కట్టి తీరాలి. అలా వెనక్కు వచ్చిన సుమారు 20 కోట్ల డాలర్ల పాత నోట్లను హోనొలులులోని ఒక శ్మశానవాటిక కొలిమిలోనూ, అది చాలక ఒక చక్కెర మిల్లు కొలిమిలోనూ తగలబెట్టారు. ఆ ఉత్తర్వును చట్టసభ చేయలేదు, గవర్నరు సంతకం పెట్టలేదు, ఏ కోర్టులోనూ దానిని ప్రశ్నించే వీలు లేదు, ఎందుకంటే అప్పటికి హవాయిలో నడుస్తున్నది మార్షల్ లా, అంటే సైనిక శాసనం.

యుద్ధకాలంలో పౌరుల హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మన న్యాయవాదులం సాధారణంగా మన ఎమర్జెన్సీని, లేదా లింకన్ కాలపు అంతర్యుద్ధాన్ని తలచుకుంటాం. కానీ కోర్టు భవనాలు చెక్కుచెదరకుండా ఉండి, న్యాయమూర్తులు ఊళ్లోనే ఉండి, పౌర ప్రభుత్వం బతికే ఉండగా దాదాపు మూడేళ్లపాటు నాలుగు లక్షల పైచిలుకు జనాన్ని ఒక సైన్యాధికారి ఉత్తర్వుల మీద నడిపిన ఉదాహరణ హవాయిది. ఆ కథలో నన్ను ఎప్పుడూ వెంటాడేది మొదటి రోజు భయం కాదు. ఆ భయం న్యాయమైనదే. భయం తీరిన తరువాత కూడా ఉత్తర్వులు తీరకపోవడమే నన్ను పట్టి ఉంచుతుంది.

1941 డిసెంబరు 7 ఆదివారం ఉదయం హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. అదే మధ్యాహ్నం గవర్నరు జోసెఫ్ పాయిండెక్స్టర్ మార్షల్ లా ప్రకటించి, బందీ ప్రత్యక్ష రిట్టును, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరు పరచి కారణం చెప్పమనే ఆదేశాన్ని, మన కోర్టు వరండాలలో అందరూ హెబియస్ కార్పస్ అని పిలిచే దానిని, నిలిపివేశాడు. హవాయి అప్పటికి రాష్ట్రం కాదు, కేంద్ర పాలనలోని భూభాగం. అక్కడి జనానికి దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు కూడా లేదు. 1900 నాటి హవాయి పాలనా చట్టంలోని 67వ సెక్షను, తిరుగుబాటు గాని దండయాత్ర గాని జరిగినా, జరిగే ప్రమాదం ముంచుకొచ్చినా ఈ రెండు పనులూ చేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది. అయితే గవర్నరు అంతటితో ఆగలేదు. తన అధికారాలనూ, న్యాయమూర్తుల అధికారాలనూ కలిపి దీవులలోని సైన్యాధిపతి జనరల్ వాల్టర్ షార్ట్ చేతిలో పెట్టాడు. మరో దాడి జరగకపోతే త్వరలోనే సైనిక శాసనం ఎత్తివేయవచ్చునని షార్ట్ ఆయనకు చెప్పాడు. రెండు రోజుల తరువాత అధ్యక్షుడు రూజ్వెల్ట్ దానికి ఆమోదం తెలిపాడు. షార్ట్ మాత్రం పది రోజులు తిరగకుండానే పదవి పోగొట్టుకున్నాడు. ఆయన స్థానంలో జనరల్ డెలాస్ ఎమన్స్, 1943లో ఆయన తరువాత జనరల్ రాబర్ట్ రిచర్డ్‌సన్ వచ్చారు. మనుషులు మారారు గాని, 'మిలిటరీ గవర్నరు' అన్న హోదా మాత్రం కొనసాగింది. నిజానికి ఆ పేరుగల పదవి ఏ చట్టంలోనూ లేదు.

ఆ పాలన యంత్రాన్ని నడిపినవాడు థామస్ గ్రీన్ అనే సైనిక న్యాయాధికారి. ఒకప్పటి హవాయి రాజుల ఇయోలాని ప్రాసాదంలో కూర్చుని ఆయన వరుసగా 'జనరల్ ఆర్డర్లు' విడుదల చేశాడు. రాత్రి కర్ఫ్యూ, దీపాలార్పడం, ఉత్తరాల సెన్సారు, టెలిఫోను మాటల మీద నిఘా వంటివి యుద్ధకాలంలో ఎవరైనా ఊహించగలిగినవే. ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ వేలిముద్రలు ఇచ్చి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలనడాన్ని కూడా, శవాలను గుర్తుపట్టవలసి వచ్చిన ఊరు గనుక, అర్థం చేసుకోవచ్చు. కానీ అదే యంత్రం ఇంటి అద్దెలను, ట్రాఫిక్కును, చెత్త పారవేయడాన్ని, మద్యం అమ్మే వేళలను కూడా తన ఉత్తర్వుల పరిధిలోకి తెచ్చుకుంది. పత్రికలు సైన్యం అనుమతితోనే నడవాలి. జపనీస్ భాషా పత్రికలను మొదట మూసివేయించి, తరువాత సెన్సారు కింద తెరవనిచ్చారు. అన్నిటికంటే బరువైనది కూలి మీద పడిన ఉత్తర్వు. డిసెంబరు 20న వేతనాలను ఉన్నచోటనే స్తంభింపజేసి, కార్మిక సంఘాల ఒప్పందాలను పక్కన పెట్టి, ముఖ్యమైన పనులలో ఉన్నవారు పని మానడానికి గాని మారడానికి గాని వీల్లేదన్నారు. తరువాత వచ్చిన ఉత్తర్వుతో పనికి రాకపోవడమే నేరమైంది, దానికి రెండు నెలల జైలు దాకా శిక్ష ఉంది. రక్షణ పేరు చెప్పి తెచ్చిన ఉత్తర్వు చక్కెర తోటల యజమానులకు ఎంత సుఖాన్నిచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఉత్తర్వులను ఉల్లంఘించినవారినే గాక, దొంగతనం, కొట్లాట, మోసం వంటి మామూలు నేరాలు చేసినవారిని కూడా విచారించినవి ప్రొవోస్ట్ కోర్టులనే సైనిక న్యాయస్థానాలు. నేను క్రింది కోర్టులో ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. మేజిస్ట్రేటు కోర్టులో సోమవారం ఉదయం చలానా కేసులు ఎంత వేగంగా కదులుతాయో నాకు తెలుసు. అయినా ఆ కోర్టుల పనితీరు గురించి చదువుతుంటే ఊపిరాడదు. బల్ల వెనుక యూనిఫారంతో కూర్చున్న అధికారికి న్యాయశాస్త్రం తెలిసి ఉండాలన్న నియమం లేదు. జ్యూరీ లేదు, చాలా సందర్భాలలో రాతపూర్వకమైన అభియోగమూ లేదు. లాయరును పెట్టుకుంటే శిక్ష పెరుగుతుందన్న నమ్మకం ఊళ్లో బలంగా నాటుకుపోయింది. అయిదు నిమిషాలలో తేలిపోయిన విచారణలు ఎన్నో. వేల కేసులు నడిచిన హోనొలులు ప్రొవోస్ట్ కోర్టులో నూటికి 99 మందికి శిక్ష పడింది. శిక్షల తీరు ఇంకా విచిత్రం. జరిమానాకు బదులు యుద్ధ బాండ్లు కొనమని, లేదా రక్తదానం చేయమని ఆదేశించేవారు. ఆసుపత్రిలో గాయపడిన సైనికుడికి రక్తం అవసరమే, కాదనను. కానీ పౌరుడి ఒంట్లోని రక్తాన్ని జరిమానా లెక్కలో జమకట్టిన న్యాయాధికారికి, తాను చేస్తున్నది తీర్పు చెప్పడమో సరఫరాల శాఖను నడపడమో ఒక్కసారైనా అనుమానం వచ్చిందా అని నాకు అనుమానం.

దీవులలోని జపనీస్ సంతతి జనం పరిస్థితి వేరుగా చెప్పుకోవాలి. 1,58,000 మంది, అంటే జనాభాలో మూడోవంతుకు పైగా వారే. అమెరికా పశ్చిమ తీరంలో మార్షల్ లా ప్రకటించనేలేదు. కోర్టులన్నీ తెరిచే ఉన్నాయి. అయినా 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు ఆధారంగా సుమారు 1,20,000 మందిని ఇళ్లు, పొలాలు, దుకాణాలు విడిపించి ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు పుట్టుకతో అమెరికా పౌరులు. మార్షల్ లా ఉన్న హవాయిలో మాత్రం నిర్బంధంలోకి వెళ్లినవారు రెండు వేల ప్రాంతం. వాషింగ్టన్ నుంచి ఒత్తిడి వచ్చినా జనరల్ ఎమన్స్ సామూహిక తరలింపును సాగదీస్తూ దాటవేశాడు. ఆయన న్యాయబుద్ధిని తక్కువ చేయను గాని, జనాభాలో మూడోవంతును తీసేస్తే రేవులో, తోటలలో, వడ్రంగి పనులలో చేతులుండవన్న లెక్క కూడా అందులో ఉంది. హక్కులను కాపాడింది చట్టమా, అవసరమా అని అడిగితే ఇక్కడ జవాబు అంత గౌరవంగా ఉండదు.

ఆ రెండు వేల మందిలో బౌద్ధ పూజారులు, జపనీస్ బడుల పంతుళ్లు, పత్రికల సంపాదకులు ఎక్కువ. 1943లో ఒవాహు దీవిలో తెరిచిన హొనౌలియులి శిబిరం గాలి ఆడని లోయలో ఉండేది. అందులో ఉన్నవారు దానికి 'జిగొకు దాని', నరక లోయ, అని పేరు పెట్టుకున్నారు. బయట ఉన్నవారు కుటుంబ ఫొటోలను, ఉత్తరాలను, బొమ్మలను రాత్రివేళ పెరట్లో తగలబెట్టుకున్నారు. అదే ఇళ్ల నుంచి 1943లో సైన్యం 1,500 మంది స్వచ్ఛంద సైనికులు కావాలంటే పదివేల మంది దాకా ముందుకొచ్చారు.

న్యాయవాదిగా నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1943 ఆగస్టులో జరిగింది. అప్పటికి ఆ ఏడాది మార్చిలోనే పౌర పాలనలో కొంత భాగాన్ని తిరిగి అప్పగించారు, కోర్టులు చాలా వ్యాజ్యాలను వినడం మొదలుపెట్టాయి. జర్మన్ సంతతికి చెందిన వాల్టర్ గ్లాక్నర్, ఎడ్విన్ సీఫర్ట్ అనే ఇద్దరు పౌరులు అభియోగం లేకుండా సైనిక నిర్బంధంలో ఉన్నారు. వారి తరఫున వచ్చిన పిటిషన్ల మీద ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి డెల్బర్ట్ మెట్జ్గర్ హెబియస్ కార్పస్ జారీ చేసి, ఇద్దరినీ తన ముందు హాజరు పరచమన్నాడు. కోర్టు కాగితం అందించడానికి వెళ్లిన అధికారిని సైనికులు అడ్డుకున్నారు. జనరల్ రిచర్డ్‌సన్ వారిని హాజరు పరచలేదు. న్యాయమూర్తి కోర్టు ధిక్కారం కింద జనరల్‌కు 5,000 డాలర్ల జరిమానా విధించాడు. దానికి జవాబుగా జనరల్ మరో ఉత్తర్వు విడుదల చేశాడు. దాని సంఖ్య 31. ఇకమీదట హెబియస్ కార్పస్ పిటిషన్లు స్వీకరించవద్దనీ, స్వీకరిస్తే సైనిక న్యాయస్థానం ముందు నిలబడి జైలుకు పోవలసి వస్తుందనీ అందులో న్యాయమూర్తిని పేరుపెట్టి మరీ హెచ్చరించాడు.

కొలువులో ఉన్న న్యాయమూర్తిని, ఆయన విధి నిర్వర్తించినందుకు, సైనిక విచారణకు నిలబెడతానని బెదిరించే కాగితం అది. కక్షిదారు కోర్టు మీద కోపంతో వరండాలో అనే మాటలు మేము రోజూ వింటూనే ఉంటాం గాని, వాటికి క్రమసంఖ్య వేసి గెజిట్టులా విడుదల చేసిన కక్షిదారును నేనింకా చూడలేదు. చివరకు వాషింగ్టన్ నుంచి న్యాయశాఖ అధికారి వచ్చి మధ్యవర్తిత్వం నడిపాడు. జనరల్ ఉత్తర్వును వెనక్కు తీసుకున్నాడు, న్యాయమూర్తి జరిమానాను 100 డాలర్లకు తగ్గించాడు, ఆ వంద కూడా కట్టనక్కర్లేకుండా అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రసాదించాడు. గ్లాక్నర్, సీఫర్ట్‌లను ప్రధాన భూభాగానికి తరలించి అక్కడ విడిచిపెట్టారు. దాంతో అసలు ప్రశ్న పైకోర్టు దాకా వెళ్లే అవకాశమే పోయింది. అంతకుముందు హాన్స్ జిమ్మర్మన్ అనే మరో నిర్బంధితుడి కేసు సుప్రీంకోర్టు గుమ్మం చేరుతున్న వేళ కూడా ప్రభుత్వం ఇలాగే ఆయనను విడుదల చేసింది. మనిషికి స్వేచ్ఛ దొరికింది గనుక ఫిర్యాదు చేయలేం. కానీ ఓడిపోయేలా ఉన్న కేసులో కక్షిదారును విడిచి సూత్రాన్ని మాత్రం కటకటాల వెనుకే ఉంచుకునే ఈ నేర్పు ఏ దేశపు ప్రభుత్వ న్యాయవాదులకైనా తెలిసిందే.

ప్రభుత్వం తప్పించుకోలేకపోయిన కేసులు రెండు. హ్యారీ వైట్ అనే షేర్ల వ్యాపారిని, తన ఖాతాదారు షేర్లను స్వాహా చేశాడన్న ఆరోపణ మీద 1942 ఆగస్టులో అరెస్టు చేశారు. యుద్ధానికీ ఆ షేర్లకూ ఏ సంబంధమూ లేదు. జ్యూరీ కావాలన్నాడు, కుదరదన్నారు. వాదన సిద్ధం చేసుకోవడానికి గడువు అడిగాడు, అదీ ఇవ్వలేదు. అయిదేళ్ల శిక్ష పడింది, తరువాత దానిని నాలుగుకు తగ్గించారు. రెండోవాడు లాయిడ్ డంకన్, నౌకాశ్రయంలో పనిచేసే పౌర ఉద్యోగి. 1944 ఫిబ్రవరిలో కాపలా ఉన్న ఇద్దరు మెరైన్లతో కలబడ్డాడు. ఆరు నెలల శిక్ష పడింది. అప్పటికి పెర్ల్ హార్బర్ దాడి జరిగి రెండేళ్లు దాటింది. 1942 జూన్‌లో మిడ్వే యుద్ధంలో జపాన్ విమాన వాహక నౌకలు నాలుగు మునిగిపోయాక దీవుల మీద దండయాత్ర భయం చాలావరకు తీరిపోయింది. డంకన్ పిటిషను కూడా మెట్జ్గర్ ముందుకే వచ్చింది. ప్రమాదం ఇంకా పొంచే ఉందని చెప్పడానికి పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్, జనరల్ రిచర్డ్‌సన్ స్వయంగా బోనెక్కారు. వారిద్దరూ చెప్పింది విన్నాక కూడా న్యాయమూర్తి డంకన్‌ను విడుదల చేయమన్నాడు. సైన్యం అప్పీలుకు వెళ్లింది.

కేసు పేరు డంకన్ వర్సెస్ కహనమోకు. ఈ కహనమోకు ఎవరో కాదు, ఒలింపిక్సులో ఈతకు బంగారు పతకాలు గెలిచి, అలల మీద స్వారీని ప్రపంచానికి పరిచయం చేసిన డ్యూక్ కహనమోకు. అప్పట్లో ఆయన హోనొలులు షెరీఫు. ఖైదీ ఆయన అదుపులో ఉన్నాడు గనుక ప్రతివాదిగా చట్ట చరిత్రలోకెక్కాడు. సైనిక శాసనాన్ని మొదటి నుంచీ బహిరంగంగా విమర్శిస్తూ, మధ్యలో కొంతకాలం హవాయి అటార్నీ జనరల్‌గా కూడా పనిచేసిన గార్నర్ ఆంథొనీ అనే న్యాయవాది డంకన్ పక్షాన పోరాడాడు.

సుప్రీంకోర్టు తీర్పు 1946 ఫిబ్రవరి 25న వచ్చింది. జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన ఆధిక్య తీర్పు, 1900 నాటి చట్టంలోని 'మార్షల్ లా' అన్న మాటకు పౌర న్యాయస్థానాలను తీసివేసి వాటి స్థానంలో సైనిక న్యాయస్థానాలను కూర్చోబెట్టే అధికారమని అర్థం లేదని తేల్చింది. ఎనిమిది మందిలో ఇద్దరు అసమ్మతి తెలిపారు. వారి వాదన, యుద్ధరంగంలో తీసుకున్న నిర్ణయాలను తీరికగా కూర్చుని తప్పుపట్టడం కోర్టులకు తగదని. ఆ వాదనను కొట్టిపారేయలేం. అయితే నాకు అన్నిటికంటే బలంగా తగిలింది ఆధిక్య తీర్పులోని పాండిత్యం కాదు, ప్రధాన న్యాయమూర్తి స్టోన్ విడిగా రాసిన అభిప్రాయంలోని ఒక మామూలు పరిశీలన. సారాయి దుకాణాలలోనూ వినోద స్థలాలలోనూ జనం గుమిగూడడానికి సైన్యమే అనుమతి ఇచ్చినప్పుడు, కోర్టు హాలులో విచారణ జరగడం వలన ప్రజల భద్రతకు అంతకు మించి కలిగే ముప్పేమిటన్నది ఆయన పరిశీలన సారాంశం. రాజ్యాంగ సూత్రాలు వల్లించకుండా, వీధిలో నడిచే ఎవరికైనా కనిపించే వాస్తవంతో వాదనను కూల్చడం అంటే అదీ.

అయినా తేదీలు మరోసారి చూడాలి. మార్షల్ లా ఎత్తివేసినది 1944 అక్టోబరు 24న. యుద్ధం ముగిసినది 1945లో. తీర్పు 1946లో. అంతర్యుద్ధం నాటి మిలిగన్ కేసులోనూ ఇదే వరస. కోర్టులు తెరిచి ఉండగా పౌరుణ్ణి సైన్యం విచారించకూడదన్న ఆ ప్రసిద్ధ తీర్పు 1866లో, తుపాకులు మౌనం వహించిన మరుసటి ఏడాది వచ్చింది. యుద్ధం నడుస్తుండగా, 1944 డిసెంబరులో, అదే సుప్రీంకోర్టు కొరెమట్సు కేసులో జపనీస్ సంతతి పౌరుల తరలింపును సమర్థించింది. యుద్ధంలో గద్దించవలసిన గొంతు యుద్ధం అయ్యాక గద్దించడాన్ని ధైర్యం అనాలో, మరేమనాలో నేను తేల్చుకోలేదు. అందుకే తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులకంటే, సైనికులు వీధుల్లో తిరుగుతుండగా జనరల్‌కు జరిమానా వేసిన జిల్లా న్యాయమూర్తి మీదే నాకు గౌరవం ఎక్కువ.

ఇదంతా బావగారికి చెబుతుంటే పక్కనే కూర్చున్న మా నాయనమ్మ చెల్లెలు ఒకావిడ, "జపాను వాడు మన విశాఖపట్నం మీద కూడా బాంబులు వేశాడు నాయనా, మేమంతా బండ్లు కట్టుకుని పోయాం" అని గుర్తుచేసింది. నిజమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడ మార్షల్ లా పెట్టలేదు, జిల్లా కోర్టులు పనిచేస్తూనే ఉన్నాయి. కానీ భారత రక్షణ నిబంధనలలోని 26వ నిబంధన కింద విచారణ లేకుండా ఎవరినైనా నిర్బంధించవచ్చు. ఆ ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలయ్యాక ఆ నిబంధన ఎవరి మీద ప్రయోగమైందో తెలిసిందే. 1943 ఏప్రిల్‌లో తల్పడే కేసులో ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ ఆ నిబంధన మాతృచట్టం హద్దులు దాటిందని, చెల్లదని తీర్పు చెప్పాడు. యుద్ధం మధ్యలో, వలస ప్రభుత్వపు కోర్టులో వచ్చిన తీర్పు అది. రోజులు గడవకుండానే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, లోపాన్ని వెనకటి తేదీ నుంచే సరిచేసుకుంది.

స్వతంత్రం వచ్చాక కూడా ఉత్తర్వులకు ఆయుష్షు ఎక్కువే. చైనాతో యుద్ధం వలన 1962 అక్టోబరు 26న ప్రకటించిన అత్యవసర పరిస్థితి, నెల తిరగకుండా కాల్పులు ఆగిపోయినా, 1968 జనవరి దాకా ఎత్తివేయలేదు. 1978 నాటి 44వ సవరణ తరువాత ఏ అత్యవసర పరిస్థితిలోనైనా 20, 21 అధికరణాల అమలును, అంటే శిక్షల విషయంలో రక్షణనూ ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల హక్కునూ, నిలిపివేయడానికి వీల్లేదు. ఎమర్జెన్సీలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ దొరకదన్న 1976 నాటి జబల్పూర్ కేసులో సుప్రీంకోర్టు కాపాడలేనిదాన్ని పార్లమెంటు అలా కాపాడింది.

మన రాజ్యాంగంలో 'మార్షల్ లా' అన్న మాట వచ్చేది 34వ అధికరణంలో. సైనిక శాసనం అమలైన ప్రాంతంలో అధికారులు చేసిన పనులకు తరువాత పార్లమెంటు రక్షణ కల్పించవచ్చునని, అక్కడ విధించిన శిక్షలను చెల్లుబాటు చేయవచ్చునని అది చెబుతుంది. మార్షల్ లా అంటే ఏమిటో, దానిని ఎవరు ఎప్పుడు ప్రకటించవచ్చో, ఎప్పుడు ఎత్తివేయాలో మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఇరవై ఏళ్లలో నేను ఒక్క కేసులోనూ ఆ అధికరణాన్ని ఉదహరించవలసిన అవసరం రాలేదు. పండుగ నుంచి తిరిగి వచ్చాక నా బల్ల మీది రాజ్యాంగ ప్రతిలో ఆ పేజీ తీసి, మార్జిన్‌లో పెన్సిలుతో 'డంకన్, 1946' అని రాసి పెట్టుకున్నాను.